రాయి కాని రాయి చూసొచ్చాం: ఒంగోలు నుంచి ఫిలింసిటీకి బస్సు ట్రిప్పు

ఆషాఢం వస్తే నాకు పనుండదు. పెళ్లి మండపాలు, స్టేజీ డెకరేషన్లు వేసుకుని బతికేవాణ్ణి. ముహూర్తాలు లేని నెల నాకు సెలవు నెల. టంగుటూరులో మా గోడౌన్‌లో సర్వి బాదులు, ప్లైవుడ్ షీట్లు, తొండం విరిగిన ఫైబర్ ఏనుగు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేసి తాళం వేసిన రోజే మా అమ్మాయి పట్టుకుంది. "నాన్నా, టెన్త్ అయితే బాహుబలి సెట్ చూపిస్తానన్నావు. ఇప్పుడు ఇంటర్ సెకండియర్. డిగ్రీ అయ్యాక చూపిస్తావా?" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు.

వాట్సాప్‌లో అప్పటికే ఒక పోస్టర్ తిరుగుతా ఉంది. ఒంగోలు నుంచి రామోజీ ఫిలింసిటీ, శనివారం రాత్రి పదింటికి బయలుదేరి సోమవారం తెల్లారేసరికి ఇంటికి. పుష్‌బ్యాక్ సీట్లు, ఏసీ బస్సు, ఎంట్రీ టికెట్, టిఫిను, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి తలకి 2,650. నేను, మా ఆవిడ, అమ్మాయి, మా అత్తమ్మ, మా బావమరిది. అయిదుగురికి 13,250 ముందే ఫోన్‌పే చేశాను. అదే మొదటి తప్పు. సగం కట్టి, మిగతాది బస్సెక్కాక ఇస్తానని ఉండాల్సింది.

ట్రావెల్స్ పేరు రాయను. పేరు రాస్తే తప్పంతా వాళ్లొక్కళ్లదే అన్నట్టు ఉంటుంది. ఈ పద్ధతిలో నడిపేవాళ్లు వేరే కూడా ఉన్నారు, ఏం చూసుకోవాలో చెబితే చాలు.

టంగుటూరు హైవే మీద ఎక్కించుకుంటామన్నారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను. "సార్, బస్సు అటు రాదు, మీరే ఒంగోలు వచ్చేయండి." ఆటోకి ఆరు వందలు. ఒంగోల్లో ఇంకోళ్ల కోసం ఆగి, వాళ్లొచ్చాక డీజిల్ కోసం ఆగి, కదిలేసరికి పదకొండూ నలభై. పుష్‌బ్యాక్ సీట్లు ఉన్న మాట నిజమే. నాది వెనక్కి పోయేది కాదు, మా బావమరిదిది వెనక్కి పోయి మళ్లీ ముందుకి వచ్చేది కాదు. ఏసీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. తగ్గించమంటే తగ్గించడానికి లేదట, వేస్తే అంతే, ఆపితే అంతే. దుప్పట్లు ఇవ్వలేదు. మా అత్తమ్మ ఒంగోలు అల్లూరయ్య కొట్టు మైసూర్‌పాకు తెచ్చిన గుడ్డసంచి ఖాళీ చేసి కాళ్లకి చుట్టుకుని పడుకుంది.

ఒక్క మాట, డ్రైవరు మంచివాడు. వయసు అరవై దగ్గర ఉంటుంది. మేదరమెట్ల దగ్గర పెద్ద హైవే వదిలి అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకున్నాడు. హైదరాబాదు వైపు పోవాలంటే మనకి దగ్గర దారి అదే. ఒక్కచోట కూడా బ్రేకు గట్టిగా కొట్టలేదు. మేనేజర్ అబ్బాయి సినిమా పెట్టి సౌండు పెంచితే, ఈయన అద్దంలోంచి మావైపు చూసి తనే ఆపేశాడు. రెండింటికి పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర టీకి ఆపాడు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు మా అత్తమ్మ నిద్రలేచి పర్సులోంచి రూపాయి బిళ్ల తీసింది. కిటికీ అద్దం తెరుచుకోదు. బిళ్ల కళ్లకద్దుకుని మళ్లీ పర్సులో వేసుకుంది.

తెల్లారి అయిదుంబావుకే చౌటుప్పల్ చేరాం. అక్కణ్ణుంచి ఫిలింసిటీ గంట ప్రయాణం కూడా లేదు. అది హైదరాబాదు ఊళ్లోకి పోకముందే, విజయవాడ హైవే మీదే వస్తుంది. అంటే తొమ్మిదింటికి గేటు తీసేటప్పటికి మేం ముందు వరసలో ఉండాలి. ఉన్నామా? ఫ్రెషప్ అని చెప్పి ఒక ఫంక్షన్ హాల్లో దింపారు. నలభై ఏడు మందికి మూడు బాత్‌రూములు. పెళ్లిళ్లలో ఇట్టాంటి హాళ్లు రోజూ చూసేవాణ్ణి కాబట్టి నాకు అనుభవమే. చిన్నపిల్లలున్న ఆడవాళ్ల అవస్థ చూడలేకపోయాం. టిఫిను మూడు ఇడ్లీలు. ఇంకోటి అడిగితే "పార్సిల్ లెక్క సార్" అన్నాడు.

అన్నిటికంటే కడుపు మండింది తర్వాత. టికెట్లు ముందే బుక్ చేశామని చెప్పిన మేనేజరు, అక్కడికి పోయాక కౌంటరు దగ్గర మా అందరితో పాటే లైన్లో నిలబడ్డాడు. ఆదివారం జనం. లోపలికి పోయేసరికి పదిన్నర. పొద్దున చల్లటి పూట, జనం తక్కువున్న పూట, మొత్తం పోయింది. బుక్ చేసే ముందు ఒక్కటే అడగండి: టికెట్ల బుకింగ్ కాపీ ముందురోజు పంపిస్తావా, లేదా? పంపిస్తానంటేనే డబ్బు కట్టండి.

ఇక ఫిలింసిటీ సంగతి. రామోజీరావు గారు 1996లో మొదలుపెట్టింది. దాదాపు 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు కాగితం ఇచ్చారు. ఎకరాల లెక్క పేపర్లో చదివితే తలకెక్కదు, కాళ్లకి తెలుస్తుంది. లోపలంతా చూపించడానికి వాళ్ల బస్సులే తిరుగుతుంటాయి. పాతకాలం మోడల్, పక్కలు తెరిచి ఉంటాయి, ఎర్ర రంగు. చూడగానే మా అత్తమ్మ అంది, "ఇంత దూరం తీసుకొచ్చి మళ్లీ ఎర్రబస్సే ఎక్కిస్తున్నావా నాయనా?" బస్సులో గైడు కూడా నవ్వేశాడు.

ఆ బస్సు వీధుల్లోంచి పోతుంది. ఒక వైపు లండన్ వీధి అంటాడు, ఇంకో మలుపులో ఉత్తరాది బజారు, జైలు, రైల్వే స్టేషను, విమానాశ్రయం. అన్నీ సినిమాల్లో చూసినవే, అందుకని ఎప్పుడో వచ్చిపోయిన ఊళ్లా ఉంటుంది. మా అమ్మాయి "ఇదే, ఇదే" అని ప్రతి గోడకీ ఫోను ఎత్తింది. నేను మాత్రం గోడల చివర్లు చూస్తా కూర్చున్నా. ముందు నుంచి మేడ, పక్కకి తిరిగితే ఆ మేడకి మందం లేదు. మేం పెళ్లికి వేసే రాజమహల్ ముఖద్వారం కూడా అంతే కదా. పెళ్లివాళ్లు ఫొటో దిగే వైపు చూసుకుంటాం, వెనక వైపు బాదులకి తాళ్లు కట్టి వదిలేస్తాం. వీళ్లు వెనక వైపు కూడా ఇంకో వీధికి ముఖం చేసేశారు. అది చూసి నాకు సిగ్గేసింది. ఒక గోడని రెండుసార్లు అమ్ముకోవచ్చని ఇరవై రెండేళ్లలో నాకెందుకు తట్టలేదో.

మధ్యలో ఒక గుడి సెట్ వస్తుంది. అత్తమ్మ చెప్పులు వదిలేసి చెంగు భుజం మీదికి లాక్కుని లోపలికి పోయింది. గర్భగుడిలో దేవుడు లేడు. గైడు చెప్పాడు, షూటింగుకి ఏ దేవుడు కావాలంటే ఆ దేవుణ్ణి పెడతారమ్మా అని. అత్తమ్మ ఒక్క నిమిషం ఖాళీ గద్దె వైపు చూసి, అయినా దణ్ణం పెట్టుకుని బయటికొచ్చింది. "ఏ దేవుడికి పెట్టావే అమ్మా" అని మా బావమరిది ఆటపట్టిస్తే, "వచ్చేవాడికి పెట్టాలే" అంది. చెప్పులు మాత్రం గబగబా వేసుకుంది, బండ కాలిపోతోంది.

బాహుబలి సెట్ గురించి కొంచెం ఎక్కువే రాస్తా, నేను పోయిందే దానికోసం కాబట్టి. మొదటి భాగం 2015 జూలైలో వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్‌లో. సెట్ల పని చూసింది సాబు సిరిల్ గారు. సినిమా అయిపోయాక పడగొట్టకుండా జనం చూడటానికి ఉంచారు. వానకి, ఎండకి ఒక సెట్ నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. మూడేళ్ల కిందట సింగరాయకొండ దగ్గర ఒక పెళ్లిలో థర్మాకోల్ స్తంభాలు వేశాం. తాళి కట్టే వేళకి వాన పడి ఆ రంగు కారి పెళ్లికొడుకు పట్టుపంచె మీద పడింది. ఆ బిల్లులో ఇప్పటికీ నాలుగు వేలు రావాలి, నేను అడగను.

మాహిష్మతి గుమ్మం దగ్గరికి పోయేసరికి మా బావమరిది ఆగిపోయాడు. వాడు చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషింగ్ సెక్షన్లో పదిహేనేళ్లుగా ఉన్నాడు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ మన చీమకుర్తిదే, ఎన్ని దేశాలకి పోతుందో లెక్కలేదు. రాయి పక్కన నిలబడితే దాని జాతకం చెప్పే రకం వాడు. దంతాల ఏనుగు విగ్రహం కాలు దగ్గర నిలబడి ముందు కళ్లతో చూశాడు. తర్వాత అరచేతితో కాదు, చెయ్యి వెనక వైపు ఆనించాడు, జ్వరం చూసినట్టు. "రాయి కాదు బావా. రాయి అయితే ఈ టైముకి నీడ వైపు చల్లగా ఉండాలి. ఇది ఒంటి వెచ్చనే ఉంది." సెట్టింగు రాయితో కడతారట్రా అన్నాను. "అది నాకూ తెలుసు, కానీ కన్ను ఒప్పుకోవట్లా" అన్నాడు. పదిహేనేళ్లు రాయి చూసిన కన్ను అది.

నేను వేలి గణుపుతో కొట్టి చూశా. డబ్ డబ్ మంది. లోపలంతా బోలు. జాయింటు ఎక్కడుందా అని ఏనుగు కాలు చుట్టూ రెండుసార్లు తిరిగా. మేం మోల్డు రెండు ముక్కలు అతికిస్తే మధ్యలో గీత కనపడుతుంది, పుట్టీ పెట్టి రుద్దినా లైటు పడితే తెలిసిపోతుంది. వీళ్లు ఆ గీతని దాచలేదు. దాని మీదే ఒక పట్టెడ, గొలుసు చెక్కినట్టు నగ పెట్టేశారు. కాలి గజ్జె కింద జాయింటు. అది కనిపెట్టడానికి నాకు పావుగంట పట్టింది, మా ఆవిడ ఈలోపు "జనం చూస్తున్నారండీ" అని మూడుసార్లు లాగింది.

రంగు ఇంకా ముఖ్యం. కొత్త ఫైబర్ మీద పాత రాయి ఎట్టా వచ్చిందని చూస్తే, ఒకటే రంగు కాదు. అడుగున మట్టి రంగు, దాని మీద బూడిద రంగు స్పాంజితో అద్దినట్టు మచ్చలు మచ్చలుగా, తర్వాత సందుల్లో నలుపు పోసి పైన తుడిచేసినట్టుంది. గుంటల్లో నలుపు ఉండిపోయి అంచులు తేలాయి. వాన నీళ్లు పైనుంచి కారితే పడే చారలు కూడా కిటికీల కింద గీశారు. నిజం వాన చారలు, గీసిన చారలు కలిసిపోయి ఏది ఏదో తెలియట్లేదు. మనవాళ్లు మండపానికి బంగారు రంగు స్ప్రే కొట్టి అయిపోయిందనిపిస్తారు. పక్క సందులోంచి వెనక్కి తొంగిచూస్తే ఇనప యాంగిల్ చట్రం, బోల్టులు, అడ్డ బద్దీలు. మేం వేసే సర్వి బాదుల లెక్కే, వాళ్లది ఇనుము.

సినిమాలో చూసినంత ఎత్తు అక్కడ ఉండదు, ముందే చెబుతున్నా. కోట మీద శిఖరాలు, మబ్బుల్లోకి పోయిన నగరం కంప్యూటర్లో కలిపినవి. "ఇంతేనా" అన్న మాట నా పక్కనే ఇద్దరు ముగ్గురు అన్నారు. సినిమా చూద్దామని పోతే ఇంతే. ఎట్టా కట్టారో చూద్దామని పోతే రోజు చాలదు. స్తంభం చుట్టుకొలత జానలతో కొలుచుకున్నా, పదమూడు జానలు. ఎత్తు ఎట్టా కొలవాలి? మా బావమరిదిని పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నా. వాడు అయిదడుగుల ఏడంగుళాలు.

భోజనం దగ్గర మళ్లీ మన ట్రావెల్సే. అయిదుగురికి నాలుగు కూపన్లు ఇచ్చాడు. లెక్క తప్పిందట. అత్తమ్మ భోజనానికి నేనే మూడు వందలు కట్టాను, "సాయంత్రం బస్సులో ఇచ్చేస్తా సార్" అన్నాడు. మా ఆవిడ ఒంగోలు నుంచి మోసుకొచ్చిన పులిహోర డబ్బా బస్సులోనే ఉండిపోయింది. బయటి తిండి లోపలికి తేవద్దని మేనేజరు చెప్పాడు, అందుకని ఊరుకున్నాం.

మధ్యాహ్నం తర్వాత మూవీ మ్యాజిక్‌లో సినిమా ఎట్టా తీస్తారో చూపించే ఆట ఒకటుంది. అది తప్పకుండా చూడండి. జనంలోంచి ఒకావిడని పిలుస్తారు. మా అమ్మాయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని పైకి లేపేసింది. మా ఆవిడ ఊళ్లో పేరంటానికి పోయినా వెనక వరసలో కూర్చునే మనిషి. గుర్రం లేని బండి ఎక్కించి, చేతిలో కొరడా పెట్టి, తోలమన్నారు. మొదట సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, దొంగలు వెంటపడుతున్నారు" అని ఆ ఆట నడిపే అతను అరిచేసరికి ఏమైందో ఏమో, లేచి నిలబడి తోలింది చూడండి! తర్వాత ఇంకో గదిలో చప్పుళ్లు కలుపుతారు. డెక్కల చప్పుడు మా బావమరిది వంతు వచ్చింది, తాళం తప్పాడు. చివరి గదిలో అన్నీ అతికించి తెర మీద వేస్తే, కొండల మధ్య గుర్రబ్బండి మీద మా ఆవిడ పారిపోతా ఉంది, గుర్రం ఒక అడుగు కుంటుతున్నట్టు చప్పుడు. నలభై ఏళ్ల మనిషి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. 13,250లో ఆ పది నిమిషాలకి ఎంత వేసుకోవాలో నాకు తెలీదు.

పక్షుల పార్కు చూశాం, తోటలు చూశాం. స్టంట్ షో జనం తలల మీదుగా సగం చూశాం. సీతాకోకచిలుకల పార్కు పోలేదు, బోన్సాయ్ తోట పోలేదు. ఎందుకంటే నాలుగున్నరకల్లా బస్సు దగ్గర ఉండాలని మేనేజరు ఫోన్ మీద ఫోను. సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది కదా, ఇంత తొందరేమిటయ్యా అంటే "ట్రాఫిక్ సార్" అన్నాడు.

ట్రాఫిక్ ఎందుకో బస్సెక్కాక తెలిసింది. ఇంటికి పోయే దారి కుడి వైపైతే బస్సు ఎడమ వైపు, హైదరాబాదు వైపు తిరిగింది. ఒక ముత్యాల షాపు ముందు ఆపారు. "హైదరాబాద్ వచ్చి ముత్యాలు చూడకుండా పోతారా" అని ఉపన్యాసం. గంటా ఇరవై నిమిషాలు అక్కడ. పోస్టర్లో ఈ ముక్క ఎక్కడా లేదు. కొన్న ప్రతి దండకీ మేనేజరుకి ఎంతో కొంత వస్తుందని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మా బావమరిది మూడు వందల దండ వేళ్ల మధ్య తిప్పి చూసి పెట్టేశాడు. అత్తమ్మ కుర్చీలోంచి లేవనే లేదు. "కొత్తపట్నం సముద్రం మనూరికి పక్కనే ఉంది, ఇక్కడ బండల మీద ముత్యాలేంది" అంది. షాపు అబ్బాయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు పాపం.

తిరుగు ప్రయాణంలో అదే డ్రైవరు. ఎక్కే ముందు ఏసీ విషయం నేను చెప్పకముందే రెండు మూడు సీట్ల పైన గాలి వచ్చే గొట్టాలకి కాగితాలు కుక్కి పెట్టాడు. పొద్దున నాలుగూ ముప్పావుకి ఒంగోలు. టంగుటూరుకి మళ్లీ ఆటో, ఈసారి ఏడు వందలు. పులిహోర పాడైపోయింది.

మార్కులు వేయమంటే ఫిలింసిటీకి అయిదుకి నాలుగున్నర. అర మార్కు తగ్గించింది నా మోకాళ్లు. ట్రావెల్స్‌కి ఒకటి, అది కూడా డ్రైవరుది. ఈ ప్యాకేజీ తీసుకునేవాళ్లు బస్సు ఎక్కడ ఎక్కాలో, లోపల ఎన్ని గంటలు ఉంచుతారో, మధ్యలో షాపులు ఉన్నాయో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. మాటగా చెబితే మాటే అవుతుంది. లోపలి టికెట్ ధర మారుతుంటుంది, వాళ్ల వెబ్‌సైట్లో చూసుకుని ప్యాకేజీలోంచి తీసేస్తే బస్సుకి ఎంత పోతుందో మీకే తెలుస్తుంది. ముసలివాళ్లని తీసుకుపోవచ్చు, బస్సులు తిరుగుతాయి కాబట్టి. మెత్తటి చెప్పులు, గొడుగు మర్చిపోవద్దు. ఆషాఢం అని వాన వస్తుందనుకున్నాం, ఎండే వచ్చింది.

మూడు వందలు ఇంకా రాలేదు. నేను ఫోన్ చేస్తే "రేపు సార్" అంటున్నాడు, మా అమ్మాయి నంబరు నుంచి చేస్తే ఎత్తట్లేదు.

శ్రావణం మొదటి ముహూర్తానికి కొండపి పెళ్లి ఒకటి ఒప్పుకున్నా. బంగారు స్ప్రే వద్దు, రాతి స్తంభాల లెక్క చేస్తానంటే పెళ్లికూతురి తండ్రి మొహం చిట్లించాడు. రెండు స్తంభాలు చేసి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వనన్నాడు. మట్టి రంగు, బూడిద రంగు కుదిరాయి గానీ ఆ నలుపు తుడవడం రావట్లేదు, ఎక్కువ తుడిస్తే పోతుంది, తక్కువ తుడిస్తే మసి పూసినట్టు ఉంది. అందుకని ఇంకోసారి పోవాలి. ఈసారి ప్యాకేజీ లేదు. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు పోయే బస్సు ఎక్కి హైవే మీద ఫిలింసిటీ ఆర్చి దగ్గర దిగిపోతాం, నేనూ మా బావమరిదీ. టేపు జేబులో పెట్టుకుని పోతా.